డెక్‌మ్యాచ్ పెడితే మొదటి అటాచ్ పాస్, రెండో అటాచ్ టైమర్ అవుట్ – టీటీసీఎన్-3 టెంప్లేట్ సమస్య

కొత్త_టెస్టర్

అందరికీ నమస్కారం. ఎల్‌టీఈ (4జీ) టెస్టింగ్‌లోకి కొత్తగా వచ్చాను, టీటీసీఎన్-3 (టెస్టులు రాసే భాష) ఇంకా నేర్చుకుంటూనే ఉన్నాను. మా సెటప్‌లో ఎంఎంఈ (ఫోన్లని నెట్‌వర్క్‌లో చేర్చుకునే కోర్ నోడ్) పాత్ర టైటన్‌లో (టీటీసీఎన్-3 టూల్) రాసిన టెస్ట్ సూట్‌ది, అవతల నిజమైన ఈనోడ్‌బీ (4జీ బేస్ స్టేషన్), దానికి ఒక మామూలు ఫోను. ఫోను ఆన్ చేయగానే ఎస్1ఏపీలో (ఈనోడ్‌బీకీ ఎంఎంఈకీ మధ్య ప్రోటోకాల్) ఇనీషియల్ యూఈ మెసేజ్ వస్తుంది కదా, అందులో నాస్-పీడీయూ అనే ఐఈ (ఇన్ఫర్మేషన్ ఎలిమెంట్) ఉంటుంది, ఫోను ఎంఎంఈకి పంపే నాస్ మెసేజ్ అందులోనే వస్తుంది, అది టైప్ ప్రకారం ఉత్త ఆక్టెట్‌స్ట్రింగ్ (బైట్ల వరస). లోపల ఉన్నది అటాచ్ రిక్వెస్టేనా (నెట్‌వర్క్‌లో చేర్చుకోమని ఫోను అడిగే మెసేజ్) అని చూడటానికి ఆ ఫీల్డ్ దగ్గర డెక్‌మ్యాచ్ రాసి, పక్కన మా అటాచ్ రిక్వెస్ట్ టెంప్లేట్ (పోల్చే నమూనా) పెట్టాను.

కొత్త సిమ్ వేసి నడిపితే పాస్. ఫోను ఆఫ్ చేసి మళ్లీ ఆన్ చేసి అదే టెస్ట్ నడిపితే మెసేజ్ పోర్ట్‌కి వచ్చినట్టు లాగ్‌లో కనిపిస్తోంది, కానీ ఆల్ట్‌లోని (కొమ్మల్లో ఏది కుదిరితే దాన్ని నడిపే బ్లాక్) రిసీవ్ దాన్ని తీసుకోవట్లేదు, చివరికి టైమర్ అయిపోయి ఫెయిల్ అంటోంది. ఎర్రర్ ఏమీ రాదు. డీకోడ్ అవ్వలేదా, డీకోడ్ అయ్యాక టెంప్లేట్ కుదరలేదా అన్నది కూడా తెలియట్లేదు. వారంగా ఇదే టెన్షన్. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

ఆల్ట్‌స్టెప్

మీ చివరి వాక్యంలోనే అసలు సంగతి ఉందండి. డెక్‌మ్యాచ్ రెండు పనులు చేస్తుంది. ముందు ఆ స్ట్రింగ్‌ని మీరిచ్చిన టెంప్లేట్ టైప్‌లోకి డీకోడ్ చేస్తుంది, తర్వాత వచ్చిన విలువని టెంప్లేట్‌తో పోల్చి చూస్తుంది. మొదటి పని చెడినా, రెండోది చెడినా ఆల్ట్‌కి తెలిసేది ఒక్కటే, ‘కుదరలేదు’ అని. డీకోడ్ చెడిందని టెస్ట్ కేస్ ఎర్రర్ రాదు. ఇంకో షరతు కూడా ఉంది, డీకోడ్ బాగానే అయ్యి చివర్లో ఒక్క బైట్ మిగిలిపోయినా అది మ్యాచ్ కానట్టే లెక్క. అంటే బయటికి ఒకేలా కనిపించే వైఫల్యాలు మూడు ఉన్నాయి.

రిసీవ్ క్యూలో ముందున్న మెసేజ్‌ని మాత్రమే చూస్తుంది, అది ఏ కొమ్మకీ కుదరకపోతే అక్కడే కూర్చుంటుంది, దాని వెనక ఏం వచ్చినా మీకు కనిపించదు. టైమర్ అయిపోయేది అందుకే.

ముందు రెండు పనులు చేయండి. ఆల్ట్‌లో మీ కొమ్మ కింద ఇంకో కొమ్మ పెట్టండి, అందులో ఏ ఎస్1ఏపీ మెసేజ్ వచ్చినా తీసుకునే రిసీవ్ రాసి, వచ్చిన విలువని వేరియబుల్‌లో పట్టుకుని, లాగ్ లోపల మ్యాచ్ అని రాసి ఆ విలువనీ మీ టెంప్లేట్‌నీ ఇవ్వండి. ఏ ఫీల్డ్ దగ్గర తేడా వచ్చిందో టైటన్ దారితో సహా రాసి చూపిస్తుంది. ఆ కొమ్మ మాత్రం కిందే ఉండాలి, కొమ్మల్ని పైనుంచి కిందికి వరసగా చూస్తుంది కాబట్టి పైన పెడితే అన్నీ అదే మింగేస్తుంది. రెండోది, కాన్ఫిగ్ ఫైల్‌లో లాగింగ్ సెక్షన్‌కి వెళ్లి ఫైల్‌మాస్క్‌లో లాగ్_ఆల్ పక్కన మ్యాచింగ్ కూడా చేర్చండి. లాగ్_ఆల్ అంటే అన్నీ వచ్చేస్తాయని చాలామంది అనుకుంటారు గానీ మ్యాచింగ్, డీబగ్ అందులో లేవు.

ఆ పైన, పాస్ అయిన నాస్-పీడీయూ మొదటి పది పన్నెండు బైట్లు, ఫెయిల్ అయినవి కూడా ఇక్కడ పెట్టండి. బైట్లు చూడకుండా టెంప్లేట్ గురించి మాట్లాడుకుంటే టైమ్ వేస్ట్.

కొత్త_టెస్టర్

థ్యాంక్స్ అండీ, మీరు చెప్పినట్టే పెట్టాను. లాగ్‌లో నాస్-పీడీయూ ఫీల్డ్ పక్కన అన్‌మ్యాచ్‌డ్ అని చూపిస్తోంది, లోపలికి వెళ్లి ఏ ఫీల్డో చెప్పట్లేదు.

పాస్ అయినది (హెక్స్‌లో): 07 41 71 08, ఆ తర్వాత ఐఎంఎస్ఐ (సిమ్ గుర్తింపు సంఖ్య) అంకెలు.

ఫెయిల్ అయినది: 17, తర్వాత ప్రతి రన్‌కీ మారిపోయే నాలుగు బైట్లు, తర్వాత 06, ఆ తర్వాత 07 41 01 0బి అలా సాగుతోంది.

రెండో దాంట్లో కూడా 07 41 ఉంది కానీ జరిగి కూర్చుంది. ఈనోడ్‌బీ ఏమైనా అదనంగా కలుపుతోందా?

నాస్_నేస్తం

ఈనోడ్‌బీ నాస్ లోపలికి చూడదు, ముట్టుకోదు. ఫోను ఎలా పంపితే అలా మోసుకొస్తుంది. అది ఫోను వేసిన కవరే.

నాస్ స్టాండర్డ్ టీఎస్ 24.301 పక్కన పెట్టుకుని చూడండి. మొదటి బైట్‌లో కింది నాలుగు బిట్లు ప్రోటోకాల్ డిస్క్రిమినేటర్, ఈఎంఎంకి (నాస్‌లో అటాచ్ లాంటి మొబిలిటీ మెసేజ్‌ల భాగం) అది 7. పై నాలుగు బిట్లు సెక్యూరిటీ హెడర్ టైప్. 0 అంటే ఏ రక్షణా లేని మెసేజ్, 1 అంటే ఇంటిగ్రిటీ రక్షణ (మధ్యలో ఎవరూ మార్చలేదన్న హామీ) మాత్రమే, 2 అంటే ఇంటిగ్రిటీతో పాటు సైఫరింగ్ (ఎన్‌క్రిప్షన్) కూడా, 3, 4 కొత్త సెక్యూరిటీ కాంటెక్స్ట్ మొదలయ్యేటప్పుడు వచ్చేవి. మీ మొదటి అటాచ్‌లో 07, అంటే ఉత్త మెసేజ్. 41 అంటే అటాచ్ రిక్వెస్ట్. తర్వాతి 71లో పైనున్న 7 ‘నా దగ్గర తాళం (సెక్యూరిటీ కీ) లేదు’ అని చెప్పడం, కిందున్న 1 అటాచ్ రకం. 08 అంటే గుర్తింపు పొడవు, పదిహేను అంకెల ఐఎంఎస్ఐ ఎనిమిది బైట్లలో సర్దుకుంటుంది.

రెండోసారి ఫోను దగ్గర మొదటి అటాచ్‌లో తయారైన సెక్యూరిటీ కాంటెక్స్ట్ ఉంది, ఆఫ్ చేసినా దాన్ని దాచుకుంటుంది. అది ఉన్నప్పుడు అటాచ్ రిక్వెస్ట్‌ని ఇంటిగ్రిటీ రక్షణతోనే పంపాలి. అందుకే 17. తర్వాతి నాలుగు బైట్లు మ్యాక్ (తాళంతో లెక్కేసే ఇంటిగ్రిటీ కోడ్), ప్రతిసారీ మారడం సహజం. 06 సీక్వెన్స్ నంబర్. ఆరు బైట్ల కవరు దాటాక అసలు మెసేజ్ 07 41తో మొదలైంది. మీ టెంప్లేట్ టైప్ ఉత్త అటాచ్ రిక్వెస్ట్‌ది, దానికి 17 చూడగానే డీకోడ్ అవ్వదు. లాగ్ లోపలి ఫీల్డ్ చూపించకపోవడానికి కారణం కూడా అదే, పోల్చడానికి అసలు లోపల ఏమీ తయారుకాలేదు.

ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇక్కడ డీకోడ్ చెడటం మంచిదే. మీ టైప్‌లో సెక్యూరిటీ హెడర్ 0 అయి తీరాలన్న నిబంధన లేకపోయి ఉంటే, మ్యాక్‌లోని మొదటి బైట్‌ని మెసేజ్ టైప్‌గా చదివేసేది. మ్యాక్ చూడ్డానికి యాదృచ్ఛికంగా వస్తుంది కాబట్టి సుమారు 256లో ఒకసారి అది 41 అయి కూర్చుంటుంది. అలాంటి టెస్ట్‌ని రాత్రి రిగ్రెషన్‌లో పెడితే, ఎప్పుడో ఒకసారి వింతగా ప్రవర్తించే ఆ రన్ వెనక ఎన్నాళ్లు పడతారో ఆలోచించండి.

గుంటూరు_గేట్‌వే

నాస్_నేస్తం గారు చెప్పింది అక్షరాలా కరెక్ట్, కానీ కవరు ఊడదీసినంత మాత్రాన ఈ టెస్ట్ పాస్ అవ్వదు, చూస్కోండి. రెండో అటాచ్‌లో 0బి ఉంది, అంటే గుర్తింపు పొడవు 11. అది ఐఎంఎస్ఐ కాదు, గూటీ (నెట్‌వర్క్ ఇచ్చే తాత్కాలిక గుర్తింపు). మొదటి అటాచ్ యాక్సెప్ట్‌లో మీ ఎంఎంఈనే దాన్ని ఇచ్చి ఉంటుంది. మీ టెంప్లేట్‌లో ఐఎంఎస్ఐ విలువ ఇచ్చి ఉంటే డీకోడ్ అయ్యాక అక్కడ తేడా వస్తుంది. గుర్తింపు ఫీల్డ్‌లో ప్రశ్నార్థకం పెట్టి, ఐఎంఎస్ఐనా గూటీనా అన్నది తర్వాత విడిగా చూసుకోవడం మేలు. ఆప్షనల్ ఫీల్డ్స్ దగ్గర ప్రశ్నార్థకం కాదు, నక్షత్రం పెట్టాలి. ప్రశ్నార్థకం అంటే ఫీల్డ్ ఉండి తీరాలి, విలువ ఏదైనా పర్లేదు. నక్షత్రం అంటే ఉన్నా సరే, లేకపోయినా సరే. ఫలానా విలువే కావాలి, కానీ ఫీల్డ్ లేకపోయినా ఒప్పుకుంటాను అంటే ఇఫ్‌ప్రెజెంట్ ఉంది.

ఎస్1ఏపీ ఐఈల లిస్టు ఎలా రాశారు? చాలామంది మొదటి రన్‌లో వచ్చిన ఐఈలని వరసగా రాసేస్తారు. రేపు ఈనోడ్‌బీ ఇంకో ఆప్షనల్ ఐఈ, ఎస్-టీఎంఎస్ఐ లాంటిది, కలిపి పంపితే లిస్టు పొడవు మారిపోయి మొత్తం టెంప్లేట్ పోతుంది. సూపర్‌సెట్ వాడదామనుకుంటారు గానీ అది సెట్ ఆఫ్ టైప్‌కి మాత్రమే. ఏఎస్ఎన్.1లోని (ఎస్1ఏపీ మెసేజ్‌లని నిర్వచించే భాష) సీక్వెన్స్ ఆఫ్ ఇక్కడ రికార్డ్ ఆఫ్ అవుతుంది, దాంట్లో సూపర్‌సెట్ కుదరదు. నాస్-పీడీయూ ఐఈకి (ఐడీ 26) ముందొక నక్షత్రం, వెనకొక నక్షత్రం పెట్టి రాయండి. లిస్టు లోపల నక్షత్రం అంటే ఎన్ని ఎలిమెంట్లయినా అని. ఒకటి కంటే ఎక్కువ ఐఈలు కావాలి, వరస మారొచ్చు అనుకుంటే పర్మ్యుటేషన్ లోపల నక్షత్రం కలపొచ్చు.

కొత్త_టెస్టర్

ఐఈ లిస్టు సరిగ్గా మీరు చెప్పినట్టే, వరసగా రాసి ఉంది. మారుస్తాను.

కవరు విషయంలో ఒక ఆలోచన. ఒక యూనియన్ టైప్ చేసి, ఒక ఆల్టర్నేటివ్‌గా ఉత్త మెసేజ్, రెండోదిగా కవరున్న మెసేజ్ పెట్టి, డెక్‌మ్యాచ్ ఆ యూనియన్ మీద పెడితే సరిపోతుందా? కవరున్న దాని లోపలి ఆక్టెట్‌స్ట్రింగ్ మీద మళ్లీ ఇంకో డెక్‌మ్యాచ్. డెక్‌మ్యాచ్ లోపల డెక్‌మ్యాచ్ పనిచేస్తుందా?

ఆల్ట్‌స్టెప్

పనిచేస్తుంది. లోపలి ఫీల్డ్ కూడా స్ట్రింగే కాబట్టి అక్కడ ఇచ్చే టెంప్లేట్ డెక్‌మ్యాచ్ అయి ఉండొచ్చు. బిట్‌స్ట్రింగ్, హెక్స్‌స్ట్రింగ్, ఆక్టెట్‌స్ట్రింగ్, చార్‌స్ట్రింగ్, యూనివర్సల్ చార్‌స్ట్రింగ్, ఈ ఐదింటి మీదా డెక్‌మ్యాచ్ రాయొచ్చు.

యూనియన్ రాసేటప్పుడు మాత్రం జాగ్రత్త. రా కోడెక్‌లో (టైటన్‌లో బిట్లు, బైట్ల స్థాయిలో డీకోడ్ చేసేది) ఏ విలువ వస్తే ఏ ఆల్టర్నేటివ్ తీసుకోవాలో ట్యాగ్‌తో చెప్పకపోతే, పైనుంచి ఒక్కొక్కటీ ప్రయత్నించి ముందు ఏది డీకోడ్ అయితే దాన్నే తీసుకుంటుంది. చివర్లో ఆక్టెట్‌స్ట్రింగ్ ఉన్న టైప్ ఏదైనా పైన పెట్టారంటే అది దేన్నైనా మింగేస్తుంది, ఎందుకంటే మిగిలిన బైట్లన్నీ ఆ స్ట్రింగ్‌లోకి పోతాయి. సెక్యూరిటీ హెడర్ విలువని ట్యాగ్‌లో స్పష్టంగా రాయండి. బిట్ల వరస గురించి కూడా ఒక్క ముక్క. రికార్డ్‌లో ముందు ప్రోటోకాల్ డిస్క్రిమినేటర్, తర్వాత సెక్యూరిటీ హెడర్ రాస్తే ముందు రాసిన ఫీల్డ్ బైట్‌లో కింది బిట్లకి వెళ్తుంది, టైటన్ డిఫాల్ట్ అదే, నాస్‌కి సరిగ్గా అదే కావాలి. ఐపీ హెడర్‌లో వెర్షన్ పై నాలుగు బిట్లలో ఉంటుంది కాబట్టి అక్కడ ఫీల్డ్‌ఆర్డర్‌ని ఎంఎస్‌బీ చేయక తప్పదు. ఒక ప్రోటోకాల్ టైప్‌ని కాపీ చేసి ఇంకో దానికి వాడేవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

నాస్_నేస్తం

యూనియన్ ఐడియాకి నేను ఒప్పుకోను. ఆల్ట్‌స్టెప్ గారంటే గౌరవం ఉంది, టైప్ పరంగా ఆయన చెప్పింది తప్పు కాదు, కానీ నాస్‌ని టెంప్లేట్‌తో ఊడదీయడమే సరైన పని కాదని నా నమ్మకం.

ఎందుకంటే టెంప్లేట్ మ్యాక్‌ని సరిచూడలేదు. మ్యాక్ ఫీల్డ్‌లో ప్రశ్నార్థకం పెట్టి ముందుకెళ్తారు. ఫోను తప్పుడు మ్యాక్ పంపినా టెస్ట్ పాస్ అంటుంది. టెస్ట్ రాసేవాడు ఒప్పుకోకూడని విషయం అది. సైఫరింగ్ వచ్చాక పరిస్థితి ఇంకా ఘోరం. ల్యాబ్‌లో చాలాచోట్ల ఈఈఏ0 పెట్టుకుంటారు, అంటే సైఫరింగ్ ఉన్నట్టే హెడర్ చెప్తుంది, కానీ లోపల బైట్లు ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి. మొదటి బైట్ 27 అయినా, ఆరు బైట్లు దాటాక డెక్‌మ్యాచ్ చక్కగా పనిచేస్తుంది. అందరూ బాగుందనుకుంటారు. తర్వాత ఎవరో ఈఈఏ2, అంటే ఏఈఎస్, ఆన్ చేస్తారు. అప్పుడు లోపలివి అర్థంలేని బైట్లు. టెస్ట్ సూట్‌లోని టెంప్లేట్లన్నీ ఒకేసారి కుప్పకూలతాయి, ఏవీ మళ్లీ డీకోడ్ అనే మాట చెప్పవు, అన్నీ టైమర్ అవుట్లే.

నేనైతే నాస్‌ని వేరే పొరగా రాస్తాను. ఎస్1ఏపీ నుంచి ఆక్టెట్‌స్ట్రింగ్‌ని తీసుకునే ఒక ఫంక్షన్, లేదా వేరే కాంపోనెంట్. అది మొదటి బైట్ చూసి కవరుందో లేదో తేలుస్తుంది, తాళాలు ఉంటే మ్యాక్ లెక్కేసి సరిచూస్తుంది, సైఫర్ అయి ఉంటే విప్పుతుంది, చివరికి ఉత్త నాస్ మెసేజ్‌ని డీకోడ్ చేసి టైప్ ఉన్న విలువగా పైకి ఇస్తుంది. టెస్ట్ కేస్ చూసేది ఆ విలువనే, టెంప్లేట్‌లో మ్యాక్ ఊసే ఉండదు. 3జీపీపీ (ఎల్‌టీఈ స్టాండర్డ్‌లు రాసే సంస్థ) టెస్ట్ మోడల్‌లో కూడా నాస్ ఎమ్యులేటర్ విడిగానే ఉంటుంది, టీఎస్ 36.523-3 చూడండి.

గుంటూరు_గేట్‌వే

రెండు వైపులా విషయం ఉంది. నా అభిప్రాయం ఇది: అవతలి బైట్లని తాళం లేకుండా చదవగలిగితే డెక్‌మ్యాచ్, తాళం అవసరమైతే ఫంక్షన్. అటాచ్ రిక్వెస్ట్ లోపల ఈఎస్ఎం (నాస్‌లో డేటా సెషన్ల భాగం) మెసేజ్ కంటైనర్ ఉంటుంది కదా, అందులో డేటా కనెక్షన్ అడిగే పీడీఎన్ కనెక్టివిటీ రిక్వెస్ట్ వస్తుంది. నాస్ పొర కవరు విప్పి ఇచ్చాక ఆ కంటైనర్ మీద డెక్‌మ్యాచ్ పెట్టడం చాలా హాయి. అక్కడ కూడా ఫంక్షన్లు రాసుకుంటూ పోతే టెస్ట్ కేస్ చదవడం కష్టమైపోతుంది.

డీకోడ్ చేయడానికి డెక్‌వాల్యూ అనే టీటీసీఎన్-3 ఫంక్షన్ వాడతారేమో, మూడు సంగతులు. అది బిట్‌స్ట్రింగ్ తీసుకుంటుంది, మీ దగ్గరున్నది ఆక్టెట్‌స్ట్రింగ్ కాబట్టి ముందు మార్చుకోవాలి. తిరిగిచ్చే అంకెని పారేయకండి. 0 అంటే డీకోడ్ అయింది, 1 అంటే చెడింది, 2 అంటే బిట్లు చాలలేదు. డీకోడ్ చేసిన మేర ఆ బిట్‌స్ట్రింగ్ నుంచి తీసేస్తుంది, కాబట్టి 0 వచ్చాక కూడా లోపల ఏమైనా మిగిలిందేమో పొడవు చూడాలి. డెక్‌మ్యాచ్ తనే చూసుకునే ‘ఏమీ మిగలకూడదు’ అన్న షరతు ఇక్కడ మీ బాధ్యత. ఆల్ట్‌స్టెప్ గారు మొదట చెప్పిన మూడు వైఫల్యాలూ ఇలా మూడుగా విడివిడిగా మీ చేతికి వస్తాయి, మీరు మొదట అడిగింది అదే కదా.

కోడెక్_కృషి

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి, నేను టైటన్ కాకుండా ఇంకో టూల్ వాడతాను కాబట్టి ఒక తేడా చెప్పాలనిపించింది. టైటన్‌లో సాధారణంగా మెసేజ్ పోర్ట్ దగ్గరికి రాగానే డీకోడ్ అయ్యి, టైప్ నిర్ణయమయ్యాకే క్యూలో చేరుతుంది. టీటీసీఎన్-3 స్టాండర్డ్‌లో టీసీఐ (టూల్‌కీ కోడెక్ లాంటి భాగాలకీ మధ్య ఇంటర్‌ఫేస్) భాగం, అంటే ఈఎస్ 201 873-6, చెప్పే పద్ధతి వేరు. డీకోడర్‌ని పిలిచేటప్పుడు ‘ఇది ఫలానా టైప్ అయి ఉండొచ్చు’ అని ఒక ఊహ కూడా ఇస్తారు, డీకోడింగ్ హైపాథసిస్ అంటారు దాన్ని. ఆ టైప్‌లోకి డీకోడ్ కాకపోతే కోడెక్ ఏమీ ఇవ్వదు, ఆ కొమ్మ మ్యాచ్ కాదు, ఇంకో కొమ్మకి వెళ్తే ఇంకో ఊహతో మళ్లీ ప్రయత్నం. అందుకని మా దగ్గర ఆల్ట్‌లోని కొమ్మల వరస డీకోడ్ మీద కూడా ప్రభావం చూపిస్తుంది. కోడెక్ మరీ ఉదారంగా ఉంటే, అంటే హెడర్ సరిచూడకుండా ఏ బైట్లనైనా ఒప్పేసుకుంటే, పై కొమ్మలోని టైప్ తనది కాని మెసేజ్‌ని కూడా లాక్కుంటుంది. టూల్ ఏదైనా కోడెక్ కఠినంగా ఉండాలి. ఒక టూల్ నుంచి ఇంకో టూల్‌కి సూట్ మార్చేవాళ్లు ఇది తప్పక గుర్తుంచుకోవాలి.

కొత్త_టెస్టర్

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. నాస్_నేస్తం గారి దారిలోనే వెళ్లాను. చిన్న ఫంక్షన్ రాశాను, మొదటి బైట్ పై నాలుగు బిట్లు చూసి 0 అయితే అలాగే డీకోడ్, 1 అయితే ఆరు బైట్లు తీసి డీకోడ్. మ్యాక్ సరిచూడటం ఇంకా కలపలేదు, తాళాలు ఒక రన్ నుంచి ఇంకో రన్‌కి దాచే ఏర్పాటు మా సూట్‌లో లేదు. ప్రస్తుతానికి మ్యాక్ చూడలేదని లాగ్‌లో రాస్తున్నాను. గుర్తింపు దగ్గర ప్రశ్నార్థకం, ఐఈ లిస్టులో ముందూ వెనకా నక్షత్రాలు. రెండో అటాచ్ ఇప్పుడు పాస్ అవుతోంది.

ఈఎస్ఎం కంటైనర్‌కి డెక్‌మ్యాచ్ పెట్టాను. లోపలి విలువ నాకు తర్వాత కూడా కావాలి, అందుకోసం మళ్లీ డీకోడ్ చేయాలా?

ఆల్ట్‌స్టెప్

తాళం లేనప్పుడు మ్యాక్ చూడలేదని లాగ్‌లో రాయడం మంచి పద్ధతి, అలాగే ఉంచండి. పోయిన రన్ తాళం లేకపోతే ఎంఎంఈ కొత్తగా అథెంటికేషన్ మొదలుపెట్టాల్సిందే, మీ టెస్ట్ తర్వాతి మెట్టు అదేననుకుంటా.

మళ్లీ చేయక్కర్లేదు. రిసీవ్ పక్కన విలువ పట్టుకునే చోట ఫీల్డ్ పేరు ముందు డీకోడెడ్ అనే మాడిఫైయర్ (ముందు ఎట్ గుర్తుతో) రాస్తే, ఆ ఫీల్డ్‌ని డీకోడ్ చేసి మీ వేరియబుల్‌లో పెడుతుంది. అదే ఫీల్డ్‌కి అదే టైప్‌తో డెక్‌మ్యాచ్ ఉంటే టైటన్ అప్పటికే డీకోడ్ చేసిన ఫలితాన్నే వాడుకుంటుంది. తేడా ఒక్కటే. డెక్‌మ్యాచ్ లేకుండా ఈ మాడిఫైయర్ మాత్రమే రాస్తే, మ్యాచ్ అయిపోయాక డీకోడ్ జరుగుతుంది, అది చెడితే ‘కుదరలేదు’ అనదు, నేరుగా టెస్ట్ కేస్ ఎర్రర్. కాబట్టి రెండూ కలిపి వాడండి.

కొత్త_టెస్టర్

రెండూ కలిపి రాశాను, పనిచేసింది. ఇంకొక్కటి అడిగి ఆపేస్తాను. ఫోను ఐడిల్‌కి వెళ్లి మళ్లీ లేచినప్పుడు వచ్చే మెసేజ్ నా ఫంక్షన్‌లో ఏ దారిలోకీ పోవట్లేదు. మొదటి బైట్ సీ7, మొత్తం నాలుగు బైట్లే ఉన్నాయి.

నాస్_నేస్తం

అది సర్వీస్ రిక్వెస్ట్. సెక్యూరిటీ హెడర్ టైప్ 12, దానికి కవరు అంటూ విడిగా ఉండదు, మెసేజ్ టైప్ బైట్ కూడా ఉండదు. రెండో బైట్‌లో తాళం గుర్తింపు పై మూడు బిట్లలో, సీక్వెన్స్ నంబర్ కింది ఐదు బిట్లలో, మిగతా రెండు బైట్లు పొట్టి మ్యాక్. దీన్ని ఉత్త మెసేజ్‌ల యూనియన్‌లో ఇరికించకండి. నాలుగు బైట్ల వేరే రికార్డ్ చేసి, మీ ఫంక్షన్‌లో 12కి మూడో దారి పెట్టండి. ఈ మూడూ కాక ఇంకే విలువ వచ్చినా ఊరుకోకుండా బైట్లన్నీ లాగ్ చేసి ఫెయిల్ ఇవ్వండి. సెక్యూరిటీ మోడ్ కంప్లీట్ 47తో వస్తుంది, మీకు తర్వాత తగిలేది అదే.